అమావాస్య లెక్కన నడిచే వాకిళ్ళు: ఇచ్చోడ ప్రాంతపు ఋతు ఆచారాల చరిత్ర

ఇచ్చోడ చుట్టుపక్కల ఊళ్ళలో పండుగల వరసకు తొలకరే మొదలు. పంచాంగం ఉగాదికే మారినా, రేగడి చెలకల్లో విత్తనం పడి మొలక కనబడ్డ తర్వాతనే ఇళ్ళల్లో ఒక్కొక్క పండుగా వంతుకు వస్తుంది. ఆషాఢంలో ఆకాడి, శ్రావణ అమావాస్యకు పోలా, పెత్రమాస నుంచి బతుకమ్మ, ఆశ్వయుజ పున్నమి దాటాక దండారి, పుష్య అమావాస్యకు నాగోబా, ఫాల్గుణంలో హోలీ. వీటిలో చాలావాటికి పెద్ద గుడి, గోపురం, ఉత్సవ విగ్రహం అక్కర్లేదు. పశువుల కొట్టం, అలికిన వాకిలి, ఊరి పొలిమేర చెట్టు, వాగు ఒడ్డు చాలు. తంతు నడిపేది కూడా ఎక్కువగా ఇంటి పెద్ద, ఇంటి ఆడవాళ్ళు, ఊరి పటేల్, గోండు గూడేల్లో పూజారి అయిన కటోడా. ఇక్కడి ఆచారాలు ఇంతకాలం నిలవడానికి పెద్ద కారణం ఇదే. రాజ్యాలూ జిల్లాల సరిహద్దులూ మారినా ఇంటి వాకిలి మీద ఎవరి అధికారమూ నడవలేదు.

నిర్మల్ ఘాట్ ఎక్కి ఆదిలాబాద్ వైపు సాగే రహదారి మీద, నేరడిగొండ దాటాక ఇచ్చోడ వస్తుంది. తూర్పున ఉట్నూరు, ఇంద్రవెల్లి కొండలు. పడమర బోథ్, బజార్‌హత్నూర్ దాటితే మహారాష్ట్ర. ఈ నేలకు గోండులు పాత కాపులు. చాందా గోండు రాజుల ఏలుబడి తర్వాత మరాఠాలు, ఆపైన నిజాం ప్రభుత్వం వచ్చాయి. 1905లో ఆదిలాబాద్ ప్రత్యేక జిల్లా అయింది. 1920ల చివర కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక తూర్పు వైపు నుంచీ, బండ్ల బాటలు రోడ్లయ్యాక ఉత్తర దక్షిణాల నుంచీ రైతులు, వ్యాపారులు వచ్చి చేరారు. గోండులు, కొలాములు, పర్ధానులు, తోటీలు, నాయకపోడులు, లంబాడీలు, మరాఠీ మాట్లాడే కుటుంబాలు, తెలుగు కాపులు, కుమ్మరులు, ఉర్దూ మాట్లాడే ఇళ్ళు ఒకే సంతలో కలిసే చోటు ఇది. ఒకరి పండుగ ఇంకొకరి వాకిట్లోకి రావడం ఇక్కడ వింత కాదు.

ఇన్ని భాషల ఇళ్ళు ఒకే రోజున పండుగ చేసుకోవడానికి కాలగణన కూడా కలిసొచ్చింది. ఉత్తర భారతంలో పున్నమితో నెల ముగుస్తుంది. తెలుగువారికీ మరాఠీవారికీ అమావాస్యతో ముగుస్తుంది. అందుకే నాందేడ్ వైపు నుంచి వచ్చిన రైతుకూ కరీంనగర్ వైపు నుంచి వచ్చిన రైతుకూ శ్రావణ అమావాస్య ఒక్కటే. నిజాం కచేరీలో మాత్రం వేరే లెక్క నడిచేది. శిస్తుకు, దస్తావేజులకు ఫస్లీ సంవత్సరం వాడేవారు. దాని నెలల పేర్లు పారసీవి, ఏడు మొదలయ్యేది అక్టోబరులో. 1949లో వచ్చిన గిరిజన ప్రాంతాల చట్టానికి కూడా 1359 ఫస్లీ అనే గుర్తు. కచేరీ లెక్క మారుతూ వచ్చింది కానీ ఇంటి లెక్క చంద్రుణ్ణి విడిచిపెట్టలేదు. జపాన్‌లో ఇందుకు భిన్నంగా జరిగింది. 1873 జనవరి 1 నుంచి అక్కడి ప్రభుత్వం పాత చాంద్రమానాన్ని పక్కన పెట్టి గ్రెగోరియన్ క్యాలెండర్‌ను అమలు చేసింది. ఏడో నెల ఏడో రాత్రి నక్షత్రాలను చూసే తనబాతా పండుగ చాలాచోట్ల జూలై 7కు జరిగి, వానలు ముసిరే రోజుల్లో పడింది. కొన్ని ఊళ్ళు మాత్రం దాన్ని ఆగస్టులోనే ఉంచుకున్నాయి. ఇచ్చోడ వాకిళ్ళకు ఆ చిక్కు రాలేదు. అధిక మాసం ఎప్పటికప్పుడు తేడాను సరిదిద్దుతుంటే పోలా వానల్లోనే, దండారి పంట చేతికొచ్చే వేళకే, నాగోబా చలిలోనే వస్తున్నాయి.

ఆకాడి ఆషాఢంలో వస్తుంది. గోండు, కొలాం గూడేల్లో ఊరిని కాచే ఆకిపేన్‌కు మొక్కి, ఊరి బయట చెట్ల కింద వండుకుని తింటారు. పశువులు అడవికి మేతకు పోయే కాలం గనుక వాటి క్షేమం కోసం మొక్కు ఉంటుంది. ఆ పూజ అయ్యేదాకా లేత టేకు ఆకు తెంపకూడదనేది పాత కట్టుబాటు. వానాకాలంలో టేకు ఆకు ఇంటికి ఎన్నో విధాల పనికొస్తుంది: విస్తరి అవుతుంది, పొట్లం అవుతుంది, కప్పుకు అడ్డం అవుతుంది. చిగురు ముదిరి ఆకు విచ్చుకునేదాకా చెయ్యి పడకుండా ఆపడానికి మొక్కును మించిన కావలి లేదు. అటవీ శాఖ నియమాలు పుట్టకముందే ఈ నేలకు ఇలాంటి నియమాలు ఉన్నాయన్నది గుర్తుంచుకోవలసిన సంగతి. అదే నెలలో తెలుగు ఇళ్ళల్లో తొలి ఏకాదశికి జొన్న పేలాలు వేయించి, విసిరి, బెల్లం కలిపి పేలపిండి చేస్తారు. కొత్త వానకు ఒళ్ళు తట్టుకోవాలని పెద్దలు దానికి కారణం చెబుతారు.

ఆకాడి నుంచి పోలా దాకా పిల్లలకు మరుగోళ్ళు దొరుకుతాయి. రెండు వెదురు గడలకు కొంత ఎత్తున పాదం ఆనేట్టు అడ్డు కట్టి, వాటి మీద నిలబడి నడుస్తారు. గోండీలో వీటి పేరు ఖోడంగ్. బురద, ముళ్ళు, వాగు నీళ్ళు కాలికి తగలకుండా ఊరంతా తిరగడం పిల్లలకు పండుగ. పెద్దలకు మాత్రం ఇది ఆటే కాదు, వానాకాలపు రోగాలకు ఎడంగా ఉండే మొక్కు కూడా. పోలా మరునాడు ఈ గడలను ఊరి పొలిమేరలో ఒక చెట్టు దగ్గర చేర్చి, నైవేద్యం పెట్టి వదిలేస్తారు. మళ్ళీ ఏటి ఆకాడి దాకా ఎవరూ మరుగోళ్ళు ఎక్కరు. ఆటకు ఇంత కచ్చితంగా గడువు పెట్టిన ఆచారం అరుదు.

శ్రావణ అమావాస్య తెలుగు నేలంతటా ఒకేలా జరగదు. కోస్తా జిల్లాల్లో అది పోలేరమ్మ వ్రతం. ఆడవాళ్ళు కంద మొక్కను పెట్టి పిల్లల కోసం పూజిస్తారు. మహారాష్ట్రలోనూ ఇదే అమావాస్యకు పిల్లల క్షేమం కోసం తల్లులు చేసే పిఠోరీ వ్రతం ఉంది. ఆదిలాబాద్‌లో మాత్రం ఈ రోజు ఎడ్లది. ముందటి సాయంత్రమే ఎడ్లకు కాడి బరువు దిగుతుంది. ఏడాదంతా కాడి మోసి కాయకట్టిన మెడకు, మూపుకు పసుపు, నెయ్యి కలిపి రుద్దుతారు. తెల్లవారి వాగుకు తోలి కడుగుతారు. కొమ్ములకు రంగులు, మెడలో గజ్జెలు, గంటలు, మీద కుట్టుపని చేసిన జూలు, నొసటికి బాసింగం. మధ్యాహ్నం దాటాక ఊరి ఎడ్లన్నీ హనుమాన్ గుడి ముందు తోరణం కింద బారులు తీరుతాయి. గుడి చుట్టూ తిప్పిన తర్వాత ఎవరి ఎడ్లు వాళ్ళ ఇంటికి పోతాయి. అసలు పూజ అక్కడే. ఇల్లాలు కాళ్ళు కడిగి, బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, పూర్ణం పోలెలు స్వయంగా తినిపిస్తుంది. ఎడ్లు తిన్న తర్వాతనే ఇంటివాళ్ళు తింటారు. ఆ రోజు ఏ ఎద్దు మెడ మీదా కాడి పడదు. పాలేరుకు కొత్త బట్టలో, రూపాయలో ఇచ్చి మర్యాద చేసే ఇళ్ళూ ఉన్నాయి. ఎడ్లు లేని ఇంట్లో మట్టితో ఎడ్ల జత చేసుకునో, కుమ్మరి దగ్గర తెచ్చుకునో పీట మీద పెట్టి మొక్కుతారు.

ఈ ఆచారం ఇక్కడ ఇంత బలపడడం వెనుక వ్యవసాయ చరిత్ర ఉంది. రేగడి నేల వాన తాగి బిగిస్తే దున్నడానికి గట్టి జత కావాలి. రోడ్లు లేని రోజుల్లో పత్తి, జొన్న, కట్టె మోసింది బండెడ్లే. గోండులు నాగలి సేద్యం తెలిసిన వారే అయినా, నేల అలసిపోతే దాన్ని బీడు వదిలి మరో చోటికి మారేవారు. నిజాం ప్రభుత్వం అడవులను రిజర్వు చేయడం మొదలుపెట్టాక ఆ కదలిక ఆగింది. పోడు కొట్టిన కొలాముల ఇళ్ళూ, బీడు వదిలి తిరిగిన గోండుల చేలూ రిజర్వు గీత లోపల చిక్కుకున్నాయి. ఆ ఒత్తిడే 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము ప్రాణం తీసిన ఘర్షణకు దారితీసింది. తర్వాత నిజాం ప్రభుత్వం పిలుపు మీద గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి వచ్చిన ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి పనిచేశాడు. భూమి పట్టాలు, గోండీలో చదువు, ఉపాధ్యాయ శిక్షణ ఆయన చొరవతో మొదలయ్యాయి. పట్టా వచ్చిన ఇంటికి భూమి నిలకడైంది. భూమి నిలకడైన ఇంటికి ఎడ్ల జతే ఆస్తి అయింది. పోలా నాడు ఎద్దు కాళ్ళు కడిగే నీళ్ళలో ఈ చరిత్ర అంతా ఉంది. ఇప్పుడు ట్రాక్టర్లు పెరిగి కొట్టాల్లో జతలు తగ్గాయి. ఎడ్లు అమ్మేసిన రైతు సైతం మట్టి ఎడ్లకు పోలె పెట్టడం మానలేదు.

పోలా మరునాటి తెల్లవారుజామున గోండు గూడేల్లో ఊరి రోగాలను, చీడపీడలను కేకలతో పొలిమేర దాకా తరిమి వచ్చే తంతు జరుగుతుంది. ఇళ్ళ నుంచి బయలుదేరిన మగవాళ్ళు, పిల్లలు కలిసి ఊరు దాటిపోయి, వచ్చేటప్పుడు అడవిలోని మందు చెట్ల ఆకులు, వేర్లు తెచ్చుకుంటారు. ఇచ్చోడ రహదారి మీదే ఉత్తరానికి పోతే నాగపూర్‌లో అదే రోజు మార్బత్ బొమ్మలను ఊరేగించి కాల్చే ఆచారం పందొమ్మిదో శతాబ్ది చివరి నుంచి నగరపు పండుగగా సాగుతోంది. చలికాలం పోయి వసంతం వచ్చే సంధిలో, ఫిబ్రవరి 3 ప్రాంతంలో జపాన్ ఇళ్ళల్లో కూడా ఇలాంటి తంతే, సెత్సుబున్, చేసుకుంటారు. వేయించిన సోయా గింజలను గుమ్మం బయటకు విసిరి కీడును పొమ్మంటారు. ఋతువు మారే వేళ రోగం ఇంట్లో దూరుతుందన్న భయం రెండు చోట్లా ఒక్కటే. కానీ ఇచ్చోడ వైపు ఇల్లు ఒక్కటే కీడును బయటికి పంపితే చాలదు, ఊరు మొత్తం కలిసి పొలిమేర దాటించాలి. పక్కింటికి పోయిన రోగం మళ్ళీ వస్తుందని అడవి ఊళ్ళకు బాగా తెలుసు.

శ్రావణంలోనే లంబాడీ తండాల్లో తీజ్ జరుగుతుంది. పెళ్ళి కాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి, ఎరువు పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. భాద్రపద అమావాస్యకు, అంటే పెత్రమాసకు, తెలుగు ఇళ్ళల్లో పెద్దలకు బియ్యం ఇవ్వడం, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు, గునుగు, కట్ల, బంతి తాంబాలంలో పేర్చి ఆడి, తొమ్మిదో రోజు సద్దులతో వాగుకు సాగనంపుతారు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయినా, పేర్చే చోటు ఇప్పటికీ ఇంటి అరుగే. గునుగు పూత కోసం పొద్దున్నే చెలకల్లోకి పోయే పిల్లలకు అది చేలో కలుపు అన్న సంగతి పట్టదు.

ఆశ్వయుజ పున్నమిని మరాఠీ ఇళ్ళల్లో కోజాగిరి అంటారు. వెన్నెల్లో పాలు కాచి, చంద్రుణ్ణి చూసి తాగుతారు. గోండు గూడేల్లో ఆ పున్నమి దాటుతూనే దండారి సందడి మొదలై దీపావళి అమావాస్య దాటే దాకా సాగుతుంది. ముందుగా భోగి జరుగుతుంది. ఏడాదంతా ఇంట్లో భద్రంగా దాచిన నెమలీకల టోపీలు, డప్పులు, గుమేళాలు, పెప్రే, కాలికోం వంటి వాద్యాలు బయటికి తీసి, ఏత్మాసుర్ పేన్‌కు పూజ చేసి, దండారి కట్టుబడతారు. గుస్సాడి వేసినవాళ్ళు ఒళ్ళంతా బూడిద పూసుకుని, నెత్తిన నెమలీకల టోపీ, భుజాన జింక తోలు, నడుముకు గంటలు, చేతిలో గంగారాం సోటా అనే కర్రతో కనబడతారు. దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు. ఆ రోజుల్లో వాళ్ళను పేరు పెట్టి పిలిచే మనిషిగా కాక దేవుడి రూపంగా చూస్తారు. సోటాతో తాకితే నొప్పి, జబ్బు పోతాయని నమ్మకం.

దండారి అసలు గుణం ప్రయాణంలో ఉంది. ఒక ఊరి బృందం నడిచి మరో ఊరికి పోతుంది. ఆ ఊరివాళ్ళు పొలిమేరకు ఎదురొచ్చి, కాళ్ళకు నీళ్ళిచ్చి, వాకిళ్ళల్లో దింపి, అన్నం పెడతారు. రాత్రంతా ఆట, పాట, మగవాళ్ళ గుస్సాడి, ఆడవాళ్ళ దెంసా, హాస్య నాటకాలు. తెల్లవారి పెద్దలు పిల్లల పెళ్ళి మాటలు కదుపుతారు. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా ఇంటిపేర్లు విడివడి ఉంటాయి. ఒకే సగలో పెళ్ళి కుదరదు. అందుకని సంబంధం పక్క సగ ఊళ్ళలోనే వెతకాలి. దండారి ఆ వెతుకులాటకు దారి వేసింది. గోదావరి ఒడ్డున గుడిరేవులోని పద్మల్‌పురి కాకో గుడికి బృందాలు పోయి మొక్కులు తీర్చుకుంటాయి. చివర కోలబోడితో సామగ్రిని మళ్ళీ ఇంటికి చేర్చి దీక్ష విప్పుతారు.

దేవుడు వేషం కట్టి మనుషుల ఇంటికి నడిచి వచ్చే ఆచారం ప్రపంచంలో మరి కొన్నిచోట్ల ఉంది. జపాన్ ఉత్తరాన ఓగా ద్వీపకల్పంలో డిసెంబరు 31 రాత్రి నమహగేలు గడ్డి అంగీలతో, భయంకరమైన ముఖాలతో ఇంటింటికీ వస్తారు. సోమరి పిల్లలున్నారా అని గద్దిస్తారు. ఇంటి యజమాని మర్యాదగా కూర్చోబెట్టి సాకే పోసి, కొత్త ఏడు బాగుండాలని దీవెన పుచ్చుకుంటాడు. ఇలాంటి పది ప్రాంతాల ఆచారాలను కలిపి 2018లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ఇల్లు గదమాయింపుతో చక్కబడుతుంది. ఇక్కడ రెండు ఊళ్ళు భోజనంతో, ఆటతో దగ్గరవుతాయి. గుస్సాడి వచ్చి పోయిన వాకిలికి చుట్టరికం మిగులుతుంది. మార్లవాయికి చెందిన కనకరాజు ఈ నృత్యాన్ని ఢిల్లీ దాకా తీసుకెళ్ళి, 2021లో పద్మశ్రీ అందుకుని, 2024లో కన్నుమూశాడు. వేదికల మీద గుస్సాడికి వచ్చిన పేరు న్యాయమైనదే. అయినా పది నిమిషాల ప్రదర్శనలో రెండు వారాల నడకా, కాళ్ళు కడిగిన నీళ్ళూ, తెల్లవారి మాటలూ కనబడవు.

వానకారు పంట ముదిరే వేళ గోండు ఇళ్ళల్లో కొత్తలు జరుపుకుంటారు. కొత్త గింజ ముందు ఊరి దేవతకు, ఇంటి పెద్దలకు పెట్టి, తర్వాతనే తినాలి. ఒకప్పుడు ఇక్కడి తిండి అంతా జొన్న మీద నడిచింది: గట్క, అంబలి, రొట్టె. పత్తి, తర్వాత సోయా చెలకలను ఆక్రమించాక జొన్న గింజ ఇంటి చేలోంచి కాక సంత నుంచి వస్తోంది. కొత్తల పండుగకు కావలసిన పిడికెడు కంకుల కోసమైనా చేను గట్టున నాలుగు సాళ్ళు వేసుకోవడం మేలు. పండుగ నిలవాలంటే పంట నిలవాలి.

పుష్య మాసంలో దృష్టి అంతా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ మీదకు పోతుంది. నాగోబా మెస్రం ఇంటిపేరువాళ్ళ కులదైవం. పెద్ద జాతరగా పేరుపడ్డా ఇది ఒక వంశపు ఇంటి పూజే. నెలవంక కనబడ్డాక మెస్రం పెద్దలు సమావేశమై నడక మొదలుపెడతారు. జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తలమడుగులో గోదావరి నీళ్ళు ఝారీలో నింపుకుని, చెప్పులు లేని కాళ్ళతో, గూడేల్లో మజిలీలు చేస్తూ తిరిగొస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర చేయించడం తరతరాల కట్టుబాటు. సిరికొండ 2016 దాకా ఇచ్చోడ మండలంలో ఉండి, జిల్లాల పునర్విభజనలో కొత్త మండలమైంది. గోండుల దేవుడికి తెలుగు కుమ్మరి కుండ లేనిదే పూజ సాగదు. ఈ ప్రాంతపు సహజీవనానికి దీనికంటే గట్టి సాక్ష్యం వెతకనక్కర్లేదు.

తిరిగొచ్చిన మెస్రంలు కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద ఆగుతారు. అమావాస్య రాత్రి ఆడపడుచులు సిరికొండ కుండలతో కోనేటి నీళ్ళు తెస్తారు. అల్లుళ్ళు, ఆడబిడ్డలు కలిసి మట్టి తొక్కి పుట్టలు చేస్తారు. గోదావరి నీళ్ళతో అభిషేకం, మహాపూజ. మెస్రంలు బస చేసే గోవాడ్‌లో 22 పొయ్యిలు ఉంటాయి. మెస్రం కితల (శాఖల) వాళ్ళు ఎవరి వంతు పొయ్యి మీద వాళ్ళే వండుకుంటారు. ఆ ఏడు వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్ళు తెల్ల చీరలు కట్టుకుని భేటింగ్‌లో నాగోబాకు పరిచయమవుతారు. అంతవరకూ వాళ్ళకు ఇంటి పూజలో పూర్తి చోటు లేదు. పర్ధానులు కిక్రి వాయిస్తూ వంశ కథ చెబుతారు. 1940ల్లో హైమన్‌డార్ఫ్ జాతరకు చేరిన జనం బాధలు అధికారులకు నేరుగా చెప్పుకునేలా దర్బారు పెట్టించాడు. అది నేటికీ నడుస్తోంది. మెస్రంలు సొంత చందాలతో కట్టుకున్న రాతి గుడి 2022 చివర్లో ప్రారంభమైంది.

హోలీకి మోదుగ పూలు ఉడకబెట్టి రంగు తీస్తారు. మథుర లంబాడీల ఆటపాటలు ఆ రోజుల్లో తండాల్లో వినబడతాయి. ఆ వెంటనే ఇప్ప పూలు రాలే కాలం. తెల్లవారుజామునే బుట్టలతో ఇంటిల్లిపాదీ చెట్ల కిందికి పోతారు. ఎండబెట్టిన ఇప్పపూలు ఇంట్లో తీపి, తిండి, మందు. ఉట్నూరులో భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం ఆడవాళ్ళు వాటితో లడ్డూలు చేసి అమ్ముతున్నారు.

ఈ ఆచారాలకు రాతలో ఆధారాలు రెండు దిక్కుల నుంచి వచ్చాయి. హైమన్‌డార్ఫ్ 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద అచ్చువేసిన గ్రంథం బయటి చూపు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో హైదరాబాద్‌లో మరణిస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో పోయిన ఆయన అస్థికలూ తర్వాత అక్కడికే చేరాయి. లోపలి చూపు నార్నూర్ మండలం గుంజాల నుంచి వచ్చింది. అక్కడి ఇళ్ళల్లో దాచుకున్న రాత ప్రతుల్లో గోండీకి సొంత లిపి బయటపడింది. వారాల, నెలల, పండుగల పేర్లు అందులో రాసి ఉన్నాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. 1986లో మొదలైన ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం గోండీ పాటలు, మాటలు గూడేలకు చేర్చింది. గుంజాల లిపిలో వాచకాలు అచ్చయ్యాయి, కొన్ని గూడేల బడుల్లో పిల్లలకు దాన్ని నేర్పారు.